బార్సిలోనాలో మా మొదటి దినము

పూర్వము కాశికి పోయివచ్చినవారు త్రోవలో చూచిన వింతలను అరుగుమీద కూర్చుండి ఇరుగుపొరుగువారికి చెప్పెడివారు. నేను కాశికి పోలేదు. కాని 2025వ సంవత్సరము ఏప్రిల్ నెలలో నా భార్యతో కూడ స్పెయిన్ దేశమునందలి బార్సిలోనా నగరమునకు పోయి, నెలదినములు ఉండి వచ్చితిని. ఆ విశేషములను పత్రికకు వ్రాయుమని మన పాఠశాలవారు కోరిరి. చూచినదంతయు వ్రాయబూనినచో ఈ సంచిక చాలదు. కావున మొదటి దినమును గురించి మాత్రమే వ్రాయుచున్నాను. 32 ఏండ్లు ఈ పాఠశాలలో తెలుగు చెప్పిన నాకు ఆ యొక్క దినమున పాఠము చెప్పినవారు ముగ్గురు: ఒక వృద్ధురాలు, నా భార్య, ఎనిమిదేండ్ల నా మనుమరాలు.

మా కుమారునకు అక్కడ కంప్యూటరు ఉద్యోగము. చెన్నైలో తెల్లవారుజామున విమానమెక్కి, దోహాలో మరియొక విమానములోనికి మారి, ఇంచుమించు 12 గంటలు గాలిలో గడపి, ఏప్రిల్ 22వ తేదీ సాయంకాలమునకు ఇల్లు చేరితిమి. కోడలు వడ్డించిన పెరుగన్నము తిని, మాటలాడుచు మాటలాడుచునే నిద్రపోయితిమి.

మెలకువ వచ్చునప్పటికి గదిలో చీకటిగా ఉండెను. నా భార్య అప్పటికే లేచి కూర్చుండి జుట్టు ముడివేసికొనుచుండెను.

"ఏమండీ, ఎంతసేపు చూసినా తెల్లవారదేమిటి?" అని అడిగెను.

గోడ గడియారము ఒంటిగంటన్నర చూపుచుండెను. ఆమె చేతి గడియారము అయిదు గంటలు చూపుచుండెను. మా యింట పాలపొట్లములు వచ్చు వేళ అది. విమానము దిగగనే నేను నా గడియారమును మూడున్నర గంటలు వెనుకకు త్రిప్పితిని. ఆమె త్రిప్పలేదు. "మద్రాసులో ఇప్పుడు ఎంతయిందో నాకు తెలియాలి" అనెను.

దీనినే నేటివారు జెట్ ల్యాగ్ అందురు. మన మెదడులో, కంటి నరములు కలియు చోటికి కొంచెము పైగా, మిక్కిలి చిన్నదైన కణముల గుంపు ఒకటి కలదు. కంటిలో పడు వెలుతురును బట్టి అది పగటిని రాత్రిని తెలిసికొని, నిద్రను, ఆకలిని, శరీరపు వేడిమిని నడపుచుండును. ఇట్టి దేహగడియారము జీవకణములలో ఏ రీతిని పనిచేయునో కనుగొన్న ముగ్గురు అమెరికా శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమానము లభించెను. ఓడలపై పోవు దినములలో ఈ బాధ లేదు. దినమునకు కొంచెము చొప్పున కాలము మారుచుండగా దేహమును దానితో మారెడిది. విమానము దేహమును ఒక్క దినములో దింపివేయును. గడియారము మాత్రము వెనుకబడి ఇంటియొద్దనే నిలిచిపోవును. గంట తేడాకు ఇంచుమించు ఒక దినము చొప్పున అది సర్దుకొనునని పెద్దలు చెప్పుదురు.

తెల్లవారువరకు మాకు వేరు పని లేదు. నేను కాలమును గురించియే ఆలోచించుచు కూర్చుంటిని. మన నుంగంబాకములో 1792లో ఖగోళశాల ఒకటి వెలసినది. అక్కడ లెక్కించిన మద్రాసు కాలమునే ఒకప్పుడు మనదేశపు రైళ్ళు పాటించెడివి. 1906 మొదలు దేశమునకంతకును ఒకే కాలము ఏర్పడెను. స్పెయిన్ కథ అంతకంటె విచిత్రము. గ్రీనిచ్ రేఖ ఆ దేశము మీదుగానే పోవుచున్నను, 1940లో ఫ్రాంకో ప్రభుత్వము గడియారములను ఒక గంట ముందునకు త్రోసి, జర్మనీ మున్నగు దేశముల కాలముతో కలిపినది. ఆ మార్పు నేటికిని నిలిచియున్నది. వేసవిలో మరియొక గంట కలియుటచే, బార్సిలోనాలో సూర్యుడు నడినెత్తికి వచ్చునప్పటికి గడియారములో ఇంచుమించు రెండు గంటలగును. ప్రభుత్వము గడియారమును త్రిప్పగలదుగాని సూర్యుని త్రిప్పలేదు గదా యని నవ్వుకొంటిని. ఆ నవ్వునకు అర్థము కొన్ని గంటల తరువాతగాని నాకు తెలియలేదు.

ఉదయము కుమారుడును కోడలును కచ్చేరీలకు, మనుమరాలు బడికి బయలుదేరిరి. "నాన్నా, పగలు మాత్రం పడుకోకండి. వెలుతుర్లో తిరిగితేనే ఈ నిద్రమత్తు పోతుంది. ఇవాళ ఊళ్ళో పుస్తకాల పండగ, చూసి రండి" అని చెప్పి, మా అబ్బాయి ఇంటి చిరునామా కాగితముపై వ్రాసి నా జేబులో పెట్టెను. తప్పిపోవు పిల్లవానికి నేను ఒకప్పుడు చేసిన పనియే అది!

మేము పస్సేజ్ దె గ్రాసియా అను రాజవీధి వెంబడి నడచితిమి. వీధి పొడవునను, కనుచూపు మేరవరకు, బల్లలమీద పుస్తకములు. వాటి నడుమ బకెట్లలో ఎఱ్ఱని గులాబీలు. ఏప్రిల్ 23 అక్కడివారికి సాంత్ జోర్ది దినము. జోర్ది అను వీరుడు ఒక రాజకుమార్తెను రక్షించుటకై మహాసర్పమును చంపెననియు, దాని నెత్తురు పడినచోట గులాబిచెట్టు మొలిచెననియు కథ. అందుచే ఆ దినమున పురుషుడు స్త్రీకి గులాబి యిచ్చుట పాత ఆచారము. 1926లో స్పెయిన్ దేశమున పుస్తక దినోత్సవము ఆరంభమయ్యెను. మొదట అది అక్టోబరు 7న జరుగుచుండెను. 1930లో ఏప్రిల్ 23కు మారెను. నాటినుండి గులాబికి పుస్తకము తోడయ్యెను. యునెస్కో 1995లో ఈ తేదీనే ప్రపంచ పుస్తక దినముగా ప్రకటించినది. సెర్వాంటిస్ మహాకవి తన డాన్ క్విక్సోట్ గ్రంథములో కథానాయకుని బార్సిలోనాలోని అచ్చుకూటమునకు తీసికొనిపోయెను. ఆ నగరమునకును పుస్తకమునకును గల చుట్టరికము అంత పాతది.

నేనును ఒక గులాబిని కొని నా భార్య చేతికిచ్చితిని. వెల 4 యూరోలు. అనగా ఇంచుమించు 390 రూపాయలు. "ఈ డబ్బుకు కోయంబేడులో గంపెడు పూలొస్తాయి. ఈ వయసులో మీకిదేం బుద్ధి?" అని ఆమె కోపపడెను. కాని ఆ పువ్వును సాయంకాలమువరకు చేతినుండి విడువలేదు.

అంతలో నాకొక సంగతి వింతగా తోచెను. ప్రయాణమునకు ముందు నేను చిన్నపుస్తకము చూచి స్పానిష్ మాటలు ఇరువది నేర్చుకొంటిని. స్పానిష్ భాషలో వీధిని "కయ్యె" అందురు. కాని వీధి పలకలమీద "కర్రేర్" అని యుండెను. నేను "బ్వేనోస్ దియాస్" అని నమస్కరింపగా, పుస్తకములమ్ము పడుచువాడు "బోన్ దియా" అని బదులు పలికెను. ఇది స్పానిష్ గాదు, కటలాన్. బార్సిలోనా చుట్టునున్న సీమ పేరు కటలోనియా. దాని భాషకు వేరు వ్యాకరణము, వేరు సాహిత్యము కలవు.

ఆ బల్లయొద్ద కుర్చీలో ఒక వృద్ధురాలు కూర్చుండియుండెను. ఎనుబదియేండ్లు దాటినవారు. పడుచువాడు ఆమె మనుమడు. నా భార్య చీరను చూచి ఆమె ఏదియో అడుగగా, అతడు ఇంగ్లీషులో చెప్పెను: "ఇండియానుండి వచ్చినారా యని అడుగుచున్నది." ఔనంటిని. వెంటనే ఆ వృద్ధురాలు ముఖము విప్పారగా "అనంతపూర్!" అనెను.

మేమిద్దరమును నిలువబడిన చోటనే ఉలికిపడితిమి. అంత దూరమున, ముక్కు మొగము తెలియని మనిషి నోట, మన రాయలసీమ ఊరి పేరు! అడుగగా తెలిసినదేమనగా, విన్సెంట్ ఫెర్రర్ ఆ నగరముననే 1920లో జన్మించెను. 1952లో మనదేశమునకు వచ్చి, 1969లో అనంతపురము చేరి, గ్రామీణాభివృద్ధి సంస్థను స్థాపించి, కరవుసీమలో చెరువులు, ఇండ్లు, బడులు, ఆసుపత్రులు వెలయించి, 2009లో అనంతపురముననే కన్నుమూసెను. ఆ సేవకు స్పెయిన్ దేశస్థులు వేలమంది తమ సంపాదనలో కొంత పంపుచు వచ్చిరి. ఈ వృద్ధురాలు వారిలో ఒకతె.

"ఆ ఊరి భాష పేరేమి?" అని ఆమె అడిగెను.

"తెలుగు. మాదియు అదే. కాని మేముండునది చెన్నై. అక్కడ నలుగురి భాష తమిళము. మా యింటి భాష తెలుగు."

"అయితే మీరును మావంటివారే" అని ఆమె నా భార్య చేయి పట్టుకొని ప్రక్కన కూర్చుండబెట్టుకొనెను. తరువాత ఆమె చెప్పినదంతయు మనుమడు మాకు వినిపించెను. 1939 మొదలు 1975 వరకు ఫ్రాంకో ఏలిన కాలములో బడులలోను, కచ్చేరీలలోను కటలాన్‌కు చోటు లేకుండెను. ఈమె బడికి పోవు దినములలో ఇంట నేర్చిన మాట నోట వచ్చినచో ఉపాధ్యాయిని గద్దించెడిది. తల్లితో మాటలాడు భాషలో తల్లికి ఉత్తరము వ్రాయుట ఆమెకు చేతగాకుండెను. 1979లో కటలోనియాకు స్వపరిపాలన వచ్చెను. 1983లో చేసిన చట్టముతో కటలాన్ బడిలోనికి మరల ప్రవేశించెను. అప్పటికి నలువది దాటిన ఈమె, సాయంకాలపు తరగతిలో చేరి తన భాషకు అక్షరములు నేర్చుకొనెను. ఆమె తన భాషలో వ్రాసిన మొదటి ఉత్తరమును అందుకొనుటకు తల్లి అప్పటికి జీవించి లేదు.

ఆ మాటతో కొంతసేపు ఎవ్వరును మాటలాడలేదు. గడియారమును ముందునకు త్రోసిన ప్రభుత్వమే భాషనును బడినుండి త్రోసినది. ఇంటిలోపల మాత్రము సూర్యుడు తన వేళకే ఉదయించుచు వచ్చెను.

"మీ భాష ఎందరు మాటలాడుదురు?" అని ఆమె అడిగెను. 2011 జనగణన ప్రకారము 8 కోట్ల 11 లక్షలమంది యనియు, వారిలో 42 లక్షలమంది తమిళనాటనే కలరనియు చెప్పితిని. ఆమె నోటిపై చేయి ఉంచుకొనెను. కటలాన్ తెలిసినవారు ఇంచుమించు ఒక కోటి. నాకు గర్వము పొంగెను. బ్రౌను దొర నిఘంటువు 1852లో మన మద్రాసులోనే అచ్చుపడినదనియు, వావిళ్ళవారి ముద్రణాలయము 1854లో ఇక్కడనే పుట్టినదనియు, ఆంధ్రపత్రిక 1914 నుండి ఇక్కడ దినపత్రికగా వెలువడినదనియు, చందమామ 1947లో ఇక్కడనే ఉదయించినదనియు తరగతిలో పాఠము చెప్పినట్లు ఏకరువు పెట్టితిని.

ఆమె అంతయు విని, చిరునవ్వుతో ఒక్కమాట అడిగెను: "మంచిది. మరి ఈ పండుగనాడు మీ మనుమరాలికి మీ భాషలో ఏ పుస్తకము ఇచ్చుచున్నారు?"

నేను నా భార్యవైపు చూచితిని. ఆమె గులాబివైపు చూచెను. మా రెండు పెట్టెలలో ఆవకాయ ఉండెను. కందిపొడి, అప్పడములు, పట్టుపావడా, బెల్లపు మిఠాయి ఉండెను. తూకము మించునేమోయని బడిపంతులనైన నేనే రెండుమారులు తూచితిని. పుస్తకము ఒక్కటియు లేదు. "దానికి చదువను రాదు గదా" అని నేనే పెట్టలేదు.

బదులు చెప్పలేక సెలవు తీసికొనుచుండగా ఆమె ఒక పుస్తకపు మొదటి పుట చూపి, అనంతపురము పేరును మన అక్షరములలో వ్రాయుమని నా భార్యను కోరెను. నా భార్య గుండ్రని చేవ్రాతతో "అనంతపురము" అని వ్రాసి యిచ్చెను. ఆ వృద్ధురాలు వ్రేలితో ఆ అక్షరములను తడిమి చూచెను.

తరువాత రాంబ్లా వీధిలోని బొకేరియా అంగడికి పోయితిమి. అక్కడ ఎండుమిరపకాయలు దండలుగా వ్రేలాడుచుండెను. ఇండియాకు దారి వెదకబోయిన కొలంబసు వేరొక ఖండము చేరి, 1493లో ఈ నగరముననే రాజదంపతులను దర్శించెను. మిరప ఆ క్రొత్త ఖండపుదే. తరువాత పోర్చుగీసువారి ఓడలలో అది మన తీరము చేరెను. అంతకు పూర్వము మన వంటలలో కారమునకు మిరియములే దిక్కు. ఇది చెప్పగా నా భార్య, "మిరపకాయ వచ్చిందని మనం వరి మానలేదుగా" అనెను. ఆమె వంటను గురించియే అనెనో, మరి దేనిని గురించి అనెనో నేను అడుగలేదు.

మధ్యాహ్నము నాలుగు గంటలకు కాళ్ళు తడబడసాగెను. దేహమునకు రాత్రి ఏడున్నర. అంతకుముందటి రాత్రి నిద్రయును లేదు. మా అబ్బాయి ఇల్లు ఉన్న ఎషాంప్ల అను పేట 1859లో సెర్దా అను ఇంజనీరు గీసిన పటము ప్రకారము కట్టినది. వీధులన్నియు చదరంగపు బల్లవలె ఉండును. ప్రతి కూడలిలోను నాలుగు మూలలు కోసినట్లుండును. ఏ కూడలి చూచినను ఒకటే. నిద్రకన్నులతో మేము మూడుమారులు ఒకే మందులకొట్టుముందు తేలితిమి. బల్లమీద కూర్చుండి నేను కన్ను మూసితిని. కొంతసేపటికి నా భార్య తట్టి లేపి, ఎదుటి వీధి చివరనున్న అంగడి పలకను చూపెను.

"పొద్దున మన వీధి మలుపులో చూసింది అదే. చదవడం రాకపోయినా బొమ్మలాగా గుర్తుపెట్టుకున్నాను. నెల్లూరు నుంచి మీ ఊరొచ్చిన కొత్తలో బస్సుల మీద తమిళ అక్షరాలను ఇలాగే గుర్తుపెట్టుకునేదాన్ని."

మేము చేరునప్పటికి మనుమరాలు బడినుండి వచ్చి యుండెను. కాగితపు గులాబి ఒకటి నానమ్మకిచ్చి, తాను బడిలో వ్రాసి బొమ్మలు వేసిన చిన్నపుస్తకమును కటలాన్‌లో గడగడ చదివి వినిపించెను. పిమ్మట నా ఒడిలో కూర్చుండి, వచ్చీరాని తెలుగులో అడిగెను: "తాతయ్యా, నువ్వు తెలుగు టీచర్‌వి కదా. నాకు నీ బుక్ ఏదీ?"

ఉదయము ముసలమ్మ అడిగిన ప్రశ్నయే. అప్పుడు పరాయివారు గనుక తప్పించుకొంటిని. ఇప్పుడు తప్పించుకొను దారి లేదు.

ఇక్కడ నా సంగతి ఒకటి మీ యెదుట ఒప్పుకొనవలెను. చాలమంది తల్లిదండ్రులకు "పిల్లలను తెలుగు మాధ్యమములోనే ఉంచుడు" అని నేను చెప్పితిని. నా కొడుకును మాత్రము ఇంగ్లీషు బడిలో చేర్చితిని. తెలుగు అయ్యవారి కొడుకు తెలుగులో తన పేరు వ్రాయగలడు. అంతకు మించి చదువలేడు. ఒకమారు ఒక కూలి తండ్రి "మీ అబ్బాయి ఏ తరగతిలో ఉన్నాడయ్యా?" అని అడుగగా నేను మాట మార్చితిని. ఆ వృద్ధురాలి చేతినుండి ప్రభుత్వము పుస్తకమును లాగికొన్నది. నా మనుమరాలి చేతికి పుస్తకము అందకుండుటకు ఏ ప్రభుత్వమును కారణము కాదు, నేనే.

రాత్రి ఎనిమిదిన్నర వరకు ఎండ యుండెను. అక్కడివారు తొమ్మిదింటికిగాని భుజింపరు. మేము మాత్రము కూర్చున్నచోటనే జోగుచు రెండు ముద్దలు తిని పడుకొంటిమి. మరల సరిగా ఒంటిగంటన్నరకు మెలకువ. ఈమారు నా భార్య తెల్లవారలేదేమని అడుగలేదు. దీపము వేసి, మనుమరాలి బొమ్మల పుస్తకమునుండి తెల్లకాగితములు తీసి, మడిచి, సూది దారముతో నడుమ కుట్టెను. 12 పుటలు వచ్చెను.

నేను అలవాటు చొప్పున "ఋషి", "ఐరావతము" అని ఆరంభింపబోగా ఆమె కలము పట్టుకొనెను. "దానికి నోటికి వచ్చిన మాటలే వెయ్యండి. మాట వస్తే అక్షరం అదే వస్తుంది."

అట్లే చేసితిమి. అ, అన్నము. ఆ, ఆవకాయ. ఇ, ఇల్లు. గ, గులాబి. చ, చెన్నై. త, తాతయ్య. న, నానమ్మ. మ, మిరపకాయ. నేను అక్షరములు వ్రాసితిని. ఆమె బొమ్మలు వేసెను. చివరి పుటలో పిల్ల పేరు వ్రాసితిమి. పని ముగియునప్పటికి కిటికీ తెల్లబడెను. నిద్రపట్టని ఆ గంటలు మాకు లేకున్నచో ఆ పుస్తకము పుట్టియుండదు.

అయిదారు దినములలో మా దేహగడియారములు సర్దుకొన్నవి. కాని ఆ నెలంతయు నేను తెల్లవారుజామున లేచుట మానలేదు. పిల్ల బడికి పోవుటకు ముందు దినమునకొక అక్షరము. మేము బయలుదేరునాటికి ఆమె ఆ 12 పుటలను తానే చదివెను. తండ్రి తలుపుచాటున నిలిచి వినెను. "నాకు కూడా నేర్పాల్సింది నాన్నా" అని అతడు విమానాశ్రయములో నాతో అనిన మాట నిందవలె లేదు. అందుకే మరింత బాధించినది.

ఆమె చేతి గడియారము మాత్రము నెలదినములును మద్రాసు కాలమే చూపెను. దానివలన ఆమెకు అక్కడి పని ఒకటియు చెడలేదు. అక్కడి వేళను చూచి వంట చేసెను. తన వేళను చూచి చెల్లెలికి ఫోను చేసెను. రెండు కాలములను తెలిసియుండుట మనిషికి బరువు కాదు. చెన్నైలో పెరుగు తెలుగు పిల్లలకు తమిళము రావలెను, ఇంగ్లీషు రావలెను; అవి అక్కడి వేళను చూపు గోడ గడియారములు. చేతి గడియారమును విప్పి పారవేయనక్కరలేదు.

ప్రియ విద్యార్థులారా! మీ యింట మీకంటె చిన్నవారు ఎవరైన ఉన్నచో, వచ్చు ఏప్రిల్ 23వ తేదీనాటికి 12 పుటల పుస్తకము ఒకటి మీ చేతితో కుట్టి యిండు. వారికి వచ్చిన మాటలే వ్రాయుడు. కాగితము, సూది, దారము చాలును. నిద్రపట్టని రాత్రి దొరికినచో మరియు మంచిది.